‘అన్నం తిన్న తర్వాత’ అనే రెండు లాటిన్ మాటలు

మందుల దుకాణాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. చీటీ మీద బి.డి. అని ఉంటే రెండుసార్లని, టి.డి.ఎస్. అని ఉంటే మూడుసార్లని వాళ్ళకు తెలుసు. అవి ఏ భాష అక్షరాలో, వాటి వెనక ఏ మాటలున్నాయో అడిగితే మాత్రం తల గోక్కుంటారు. తెలియనంత మాత్రాన పని ఆగదు, ఒప్పుకుంటాను. అయినా నాకు ఊరుకోబుద్ధి కాదు. ఆ లాటిన్ మాటలే నాకు ఇంగ్లీషు నేర్పాయి, అన్నం పెట్టాయి, ఒకసారి ఒక మనిషి ప్రాణం మీదికి కూడా తెచ్చాయి.

ఉద్యోగంలో నాకు ఎప్పుడు ఏ మెట్టు దక్కిందో ఇక్కడ రాయను. అది చదివి బాగుపడేవాళ్ళెవరూ లేరు. నలభైలలో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, వరంగల్లోని ఒక చిన్న మిషన్ దవాఖానలో నేను కంపౌండరుగా ఉన్నప్పుడు చేసిన తప్పు ఒకటి ఉంది. మిగతా అనుభవాలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. ఆ దవాఖాన ఇప్పుడు లేదు కాబట్టి పేరు అవసరం లేదు. మీరు రేపు కిటికీ దగ్గర నిలబడి మందు అందించేటప్పుడు ఇది గుర్తుకొస్తే నాకు చాలు.

రాయప్ప గారి దగ్గర చదువు

మా దవాఖానలో పెద్ద కంపౌండరు రాయప్ప గారు. పొట్టి మనిషి, ముక్కు చివర కళ్ళజోడు, తెల్ల కోటు జేబులో ఎప్పుడూ నశ్యం డబ్బీ. ఆయన కేథలిక్కు. చిన్నప్పుడు ఫాదర్ గారి పక్కన నిలబడి పూజలో జవాబులు చెప్పినవాడు. అట్లా గుడిలో సగం, మందుల గదిలో సగం లాటిను నేర్చుకున్నాడు. మేము ప్రొటెస్టెంట్లం, మా ప్రార్థనలన్నీ తెలుగులోనే. చేరిన మొదటి రోజే ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీ గుడిలో లాటిను లేదు, నీ తలలో ఇంగ్లీషు లేదు, నిన్ను పెట్టుకుని నేనేం చేసుకోవాలి అన్నాడు. నేను బడిలో చదివింది ఉర్దూ, ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఇంగ్లీషు అంటే సంతకం పెట్టేంత.

ఆయన దగ్గర పలకా లేదు, పుస్తకమూ లేదు. కల్వంలో మందు నూరుతూ ఒక మాట చెప్పేవాడు. ఆ మందు మెత్తగా నలిగేలోపు ఆ మాట నుంచి పుట్టిన ఇంగ్లీషు మాట ఒకటైనా నేను పట్టుకురావాలి. లేకపోతే ఇంకో కల్వం నూరాలి. ‘పుల్విస్’ అంటే పొడి. దాని నుంచే పౌడర్ అని నాలుగో కల్వానికి గాని తట్టలేదు. ‘ఆక్వా’ అంటే నీళ్ళు, ‘ఫెబ్రిస్’ అంటే జ్వరం, అదే ఫీవర్ అయింది. ‘బిస్’ అంటే రెండుసార్లు. రెండుసార్లు కాల్చింది కాబట్టి బిస్కట్టు అయిందని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. స్టేషను దగ్గరి ఇరానీ హోటల్లో చాయ్‌లో ముంచుకునే బిస్కట్టులో ఇంత కథ ఉందా అనుకున్నాను.

డోర్నకల్‌లో మా మేనత్త ఉండేది. చిన్నప్పటి నుంచి రైల్లో పోయి వస్తూ స్టేషను బోర్డు మీద టైము పక్కన ఎ.ఎమ్., పి.ఎమ్. అని చూసేవాణ్ణి. అవి రైల్వే వాళ్ళ సొంత గుర్తులనుకునేవాణ్ణి. ‘ఆంతే’ అంటే ముందు, ‘పోస్త్’ అంటే తర్వాత, ‘మెరీదియెం’ అంటే నడి మధ్యాహ్నం అని రాయప్ప గారు చెప్పిన రోజు నాకు పట్టరాని సంతోషం వేసింది. మధ్యాహ్నానికి ముందు, మధ్యాహ్నం తర్వాత. అంతే. ఏళ్ళ తరబడి నా కళ్ళముందున్న తాళం ఒక్క మాటతో తెరుచుకుంది. ఆ వారమే డోర్నకల్ పోయి, టికెట్టు కలెక్టరును ఆపి మరీ చెప్పాను. ఆయన నన్ను పిచ్చివాడిలా చూశాడు.

చీటీ మొదట్లో ఆర్ అక్షరం కాలికి అడ్డగీత గీసి ఉంటుంది గదా. అది ‘రేచిపే’ అనే మాటకు పొట్టి రూపం. తీసుకో అని అర్థం. ఫలానాది ఇంత తీసుకో, ఫలానాది అంత తీసుకో అని డాక్టరు కంపౌండరుకు చెప్పే మాట. వంటలకు రెసిపీ అంటారు చూడండి, అదీ ఇదే. రాయప్ప గారు గుడి పద్ధతిలో రేచిపే అంటే, మా డాక్టరమ్మ సుగుణమ్మ గారు ఇంగ్లీషు పద్ధతిలో పలికేవారు. ఇద్దరూ ఒకరి ఉచ్చారణ విని ఇంకొకరు నవ్వుకునేవారు.

నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే పిల్లలూ. పట్టిక రాసుకుని బట్టీ పడితే పట్టిక గుర్తుంటుంది, మాట గుర్తుండదు. చేతిలో ఏదుంటే దాని పేరు పట్టుకోండి. ఇంగ్లీషులో పెద్ద మాట కనబడగానే భయపడకండి, అది రెండు మూడు చిన్న మాటల ముడి, విప్పితే వస్తుంది.

లాటిన్ దానియేలు

రెండేళ్ళలో నాకు గర్వం తలకెక్కింది. హైస్కూలు పిల్లలు పరీక్షల ముందు నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషు మాటల అర్థాలు అడిగేవారు. ఇరానీ హోటల్లో నా చుట్టూ నలుగురు మూగేవారు. డాక్టర్ అనే మాటకు అసలు అర్థం నేర్పేవాడు అని నేను చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవారు. పేషెంట్ అంటే ఓర్చుకునేవాడు అని కూడా చెప్పాను. నా పేరు దానియేలు గదా, లాటిన్ దానియేలు అని పేరొచ్చింది. ఆ పేరు వింటే లోపల పొంగిపోయేవాణ్ణి, పైకి మాత్రం విననట్టు నడిచేవాణ్ణి.

రాయప్ప గారికి ఒక నియమం ఉండేది. నాకన్నా ముందు పనిచేసిన కంపౌండరు రోగులకు సొంత సలహాలు ఇచ్చి ఏదో గొడవ తెచ్చాడట. అప్పటినుంచి ఆయన కిటికీ దగ్గర ఎవరు నిలబడినా ఒకే పాఠం చెప్పేవాడు. "కాయితం మీద ఏమున్నదో గదే చెప్పాలె బిడ్డా. ఒక్క మాట ఎక్కువద్దు, ఒక్క మాట తక్కువద్దు." నాకు ఆ నియమం బాగా నచ్చింది. లాటిన్ మాటను తెలుగులోకి చుక్క ఒలకకుండా తెచ్చి ఇస్తున్నానని అనుకునేవాణ్ణి. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూడాల్సిన పని కూడా అందులో తప్పిపోయిందని నాకు తోచలేదు.

పన్నెండు గుర్తుల సీసా

వానలు వెనకబట్టిన రోజులు. ఊరంతా చలిజ్వరాలు. ఖిలా వరంగల్ నుంచి ఖాసీంబి అనే ఆమె నడుచుకుంటూ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. భర్త హుసేను డోర్నకల్‌లో ఇంజన్లకు బొగ్గు ఎత్తే పని, నెలకొకసారి వచ్చేవాడు. ఇంట్లో అత్త, నలుగురు పిల్లలు. ఆమె జంపఖానాలు నేసే ఇంట్లో మగ్గం పనికి పోయేది. రోజు మార్చి రోజు జ్వరం, వణుకు. కడుపులో ఎడమ పక్క గడ్డలా చేతికి తగులుతోందని డాక్టర్ సుగుణమ్మ గారు అన్నారు.

సుగుణమ్మ గారిది గుంటూరు వైపు. మాట కరుకు, చెయ్యి మెత్తన. యుద్ధం వల్ల చలిజ్వరానికి ఇచ్చే క్వినైన్ దొరకడం గగనమైపోయింది. ఉన్న కొద్దిపాటి క్వినైన్‌లోంచే ఖాసీంబికి మందు రాశారు. చీటీ మీద ‘తెర్ దియే’, దాని కింద ‘పోస్త్ చీబుం’. రోజుకు మూడుసార్లు, అన్నం తిన్న తర్వాత.

మందు నేనే కలిపాను. తెల్ల కాగితం మడిచి, అంచున కత్తెరతో గాట్లు పెట్టి, పన్నెండు గుర్తులు వచ్చేట్టు పట్టీ కత్తిరించి సీసాకు అంటించాను. ఒక గుర్తు అంటే ఒకసారి తాగే మందు. పన్నెండు గుర్తులు నాలుగు రోజులకు. కిటికీలోంచి సీసా అందించి, చీటీలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అక్కా, దినాం మూడు గుర్తులు తాగాలె. అన్నం తిన్నంకనే తాగాలె. ఒట్టి కడుపు మీద ముట్టొద్దు."

ఆమె బుద్ధిగా తిరిగి అప్పజెప్పింది. దినాం మూడు గుర్తులు, తిన్నంకనే. బాగా పట్టుకున్నావక్కా అని మెచ్చుకున్నాను. ఆమె సీసా కొంగులో చుట్టుకుని కూడా ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. ఏదో అడగబోయినట్టుంది. నేను తర్వాతి చీటీ కోసం చెయ్యి చాపాను. ఆమె పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది.

మూడు రోజులు గడిచాక, నాలుగో రోజు పొద్దున ఆమెను ఒంటెద్దు బండిలో పడుకోబెట్టి తెచ్చారు. చెవులు వినబడటం లేదు. కళ్ళముందు పొగ కమ్మినట్టుందని చేత్తో సైగ చేస్తోంది. ఏం తాగినా వాంతి. నాడి అందీ అందనట్టు ఉంది. సుగుణమ్మ గారు ఆమెను చూసి, తర్వాత నా వైపు చూశారు. ఎంత కలిపావు అని అడిగారు. రాయప్ప గారు రిజిస్టరు తెచ్చారు, తూకం చూశారు, ఖాసీంబి అత్త తెచ్చిన సీసాలోని మందు నాలుక మీద వేసుకుని కూడా చూశారు. అంతా సరిగ్గానే ఉంది. సీసాలో మూడు గుర్తులు మిగిలాయి. మూడు రోజులకు తొమ్మిది పోయాయి. లెక్క తప్పలేదు.

అప్పుడు సుగుణమ్మ గారు ఒక నిర్ణయానికి వచ్చారు. "కొందరి ఒంటికి క్వినైన్ పడదు దానియేలూ. ఈవిడకి పడలేదు. ఇక ఇవ్వడానికి లేదు."

క్వినైన్ కాకుండా వేరే జ్వరం బిళ్ళలు ఉండేవి గాని అవన్నీ మిలిటరీకి పోతున్నాయి. ఖాసీంబిని వరండాలో మంచం మీద ఉంచారు. మందు ఆపాక రెండు రోజుల్లో చెవులు తెరుచుకున్నాయి, చూపు తేటపడింది. మూడో రోజు చలిజ్వరం మళ్ళీ వచ్చింది. ఆమె ఒంట్లో రక్తం లేదు, ఇట్లా ఇంకో నాలుగుసార్లు వస్తే తట్టుకోలేదని డాక్టరమ్మ రాయప్ప గారితో అంటుంటే విన్నాను. నేను మందు కలపడంలో తప్పు లేదని తేలిపోయింది గదా, నేను ఊపిరి పీల్చుకోవాలి. కానీ కిటికీ దగ్గర ఆమె కదలకుండా నిలబడిన ఆ క్షణం నాకు గుచ్చుకుంటూనే ఉంది.

ఖిలాలో ఒక పొయ్యి

పిల్లలు ఎట్లున్నారో చూసి రమ్మని ఖాసీంబి దవాఖాన ఆయాను బతిమాలుకుంది. ఆయాకు తీరిక లేదు, నేను పోతానన్నాను. మధ్యాహ్నం సైకిలెక్కి ఖిలాకు పోయాను. రాతి దర్వాజ దాటినాక ఎడమకు తిరిగితే వాళ్ళ ఇల్లు. ముందొక అర్ర, వెనక వంటకు చిన్న చాటు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. ముసలామె గడపలో కూర్చుని జొన్నల్లో రాళ్ళు ఏరుతోంది. ఆ జొన్నలు చాటలో ఒక మూలకు సరిపోయేన్ని ఉన్నాయి.

కోడలు బాగానే ఉందని చెప్పాను. మాటల్లో, పగలు ఏం తిన్నారని మామూలుగా అడిగాను. పిల్లలకు పొద్దున జొన్నరవ్వ గటక కాచి పోస్తామని, పెద్దవాళ్ళు పొద్దుమూకినంక ఒక్కసారి తింటారని ఆమె చెప్పింది. ధాన్యం దొరకని రోజులు, వీధిలో సగం ఇళ్ళు అట్లాగే ఉన్నాయట. ఆమె ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. మరి మందు ఎట్లా తాగింది అని అడిగాను.

ముసలామె నా వైపు తలెత్తి చూసింది. "దినాం మూడు గుర్తులు, తిన్నంకనే తాగుమని చెప్పిన్రటగద బిడ్డా. ఒక్కపాలి తిన్నది, మూడు గుర్తులు ఒక్కపాలే తాగింది. మొదటి దినమే చెవులు గుయ్యిమన్నయి. వద్దే అంటే ఇనలే. చెప్పినట్టు తాగకపోతే మందు పనిచెయ్యదని మూడు దినాలు తాగింది."

ఖాసీంబి ఒక్క మాట తప్పలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. మూడు పూటలా మందు అని ఏ దేశంలో ఎవరు మొదట రాశారోగాని, వాళ్ళ ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలిగి ఉంటుంది. నేను ఆ మాటను ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చి పొద్దుమూకినంక తప్ప పొయ్యి వెలగని ఇంట్లో పోశాను. మూడుసార్లు తాగాల్సిన క్వినైన్ ఒక్కసారి తాగితే ఎవరికైనా చెవులు పోతాయి, కళ్ళు పోతాయి. ఆమె ఒంటికి క్వినైన్ పడకపోవడమనేది లేదు.

సైకిలు తొక్కుతూ తిరిగి వస్తుంటే సిగ్గుతో పాటు ఒక ఆశ కూడా ఉంది నాకు. మందు పడుతుంది. ఆమె బతుకుతుంది. కానీ ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పాలి.

ముగ్గురం అడగని మాట

మొదట రాయప్ప గారికి చెప్పాను. ఆయన నశ్యం డబ్బీ మూసి, చీటీ మీద ఉన్నదే నువ్వు చెప్పావు, తప్పు నీది కాదన్నాడు. తప్పు ఎవరిదైనా కానీ సారూ, మందు ఆమెకు పడుతుంది, పడదని డాక్టరమ్మ అనుకుంటోంది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచీ తుడిచీ చివరికి అన్నాడు.

"ముప్పై ఏండ్లసంది గా మాటకు అర్థం చెప్తాన్న. మూడు పూటలు తింటాన్నరా అని ఒక్కల్నన్న అడగలే. పా బిడ్డా, ఇద్దరం పోదాం."

సుగుణమ్మ గారు కోప్పడతారనుకున్నాను. ఆమె మొత్తం విని, బల్ల మీది కలం అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. నేను రాశాను, నేనూ అడగలేదు అన్నారు. అంతే, ఇక ఆ సంగతి ఎత్తలేదు. మంచి పై అధికారి ఎట్లా ఉండాలని మీరు అడిగితే నేను ఇదే చెబుతాను. తర్వాత కాలంలో చాలామంది దగ్గర పనిచేశాను. తప్పు పంచుకునేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది కూడా దొరకలేదు.

ఆ సాయంత్రమే క్వినైన్ మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్కొక్క గుర్తు, ప్రతిసారీ ఆయా గంజి తాగించాక. చెవులు కాస్త గుయ్యిమన్నాయి, అంతకు మించి ఏమీ కాలేదు. వారంలో జ్వరం తగ్గింది. కానీ అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. రక్తం పట్టడానికి ఇనుము మందు నెలల తరబడి తాగాలి. దాన్ని కూడా తిన్న తర్వాతే తాగాలి. ఆమె పిల్లల దగ్గరికి పోతానని పట్టుబట్టింది. ఇంటికి పోతే మళ్ళీ అదే ఒక్క పూట.

ఒక సంచి పిండి ఇచ్చి పంపుదామని నేను అన్నాను. ఆ పిండి ఆ ఇంట్లో ఎవరు తింటారు అని డాక్టరమ్మ అడిగారు. జవాబు ముగ్గురికీ తెలుసు. పిల్లలకని జొన్నలు వేరేగా ఇచ్చినా సరే, ఆమె తన వంతు కూడా అందులోనే కలుపుతుంది. అప్పుడు రాయప్ప గారు దగ్గి, మందైతే పిల్లలకు పెట్టదమ్మా అన్నారు.

డాక్టరమ్మ ఆయన వైపు చూసి మెల్లగా నవ్వారు. కొత్త చీటీ తీసుకుని, పుట్నాలకు లాటిన్‌లో ఏమంటారు అని అడిగారు. శనగకు చీచెర్ అంటారని ఆయన చెప్పారు. ఇంగ్లీషువాళ్ళు చిక్‌పీ అనేది దాని నుంచి వచ్చిందేనని నేను ఉండబట్టలేక అన్నాను. ఇద్దరూ నన్ను ఊరుకోమన్నారు. ఆమె అడ్డగీత గీసిన ఆర్ రాసి, దాని కింద ‘పుల్విస్ చీచెరిస్ కంపోసితుస్’ అని రాశారు. శనగలు చేర్చి కలిపిన పొడి. కంపోసితుస్ అంటే ఒకచోట పెట్టి కలిపినది. మా కంపౌండరు అనే పేరు కూడా ఆ మాట లోంచే వచ్చింది. నా వృత్తి పేరు నాకు ఆ రోజు కొత్తగా వినబడింది.

పుట్నాల పిండి, వేయించిన జొన్నపిండి, బెల్లం. అన్నీ డాక్టరమ్మ వంటింటి నుంచి వచ్చాయి. మందు వాసన రావాలని రాయప్ప గారు వాము నీళ్ళు చిలకరించి ఆరబెట్టారు. కల్వంలో నేనే నూరాను. తెల్ల కాగితాల్లో వారానికి ఇరవై ఒక్క పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద ఆ లాటిన్ పేరు రాశాను. అంత శ్రద్ధగా నేను ఏ విషపు మందు మీద కూడా పేరు రాయలేదు.

ఈసారి కిటికీలోంచి ఇవ్వలేదు. బయటికి వచ్చి, ఆమె పక్కన వరండా అరుగు మీద కూర్చున్నాను. పొద్దు పొడిచాక ఒక పొట్లం వేడినీళ్ళలో కలుపుకుని తాగాలి, వెంటనే ఇనుము మందు సీసాలోది ఒక్క గుర్తు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక ఒకటి, గూకినాక ఒకటి. రెండు గుర్తులు కలిపి ఎప్పుడూ తాగొద్దు. పొట్లం మందు చాలా ఘాటు, పిల్లలు ముట్టకూడదు అని కూడా చెప్పాను. ఆమె పొట్లం వాసన చూసి, సరేనన్నా అంది. ఇంకేమన్నా అడగాలా అక్కా అని అడిగి, ఈసారి ఆమె కళ్ళలోకి చూస్తూ ఆగాను. సీసా మందుతో పళ్ళు నల్లబడతాయా అని అడిగింది. పడతాయి, తాగినాక నోరు పుక్కిలించు అన్నాను.

ఆ రోజు నుంచి మా కిటికీ దగ్గర పద్ధతి మారింది. ఎవరినీ ఎన్ని పూటలు తింటావని అడిగి సిగ్గుపరచలేదు. పొద్దును బట్టి చెప్పాం. తినడం గురించి వేరేగా, కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి తెలుసుకున్నాం. ఒక్కొక్కరికి ఎక్కువ సమయం పట్టేది, వరస పెరిగేది. విసుక్కునేవాళ్ళు విసుక్కున్నారు. లాటిన్ మాటలు నేర్చుకోవద్దని నేను అనను పిల్లలూ, అన్నీ నేర్చుకోండి. ఆ మాట ఎవరింట్లోకి పోతుందో ఆ ఇల్లు కూడా తెలుసుకోవడం మన పనిలో భాగమే. నాకు జీతం ఇచ్చింది ఆ రెండో పనికేనని ఇప్పుడు అనుకుంటాను.

ఖాసీంబి చెప్పింది

మూడు నెలలు ప్రతి వారం పొట్లాలు పోయాయి. మొదట ఆమె అత్త వచ్చి తీసుకుపోయేది. తర్వాత హుసేను ఒకసారి డోర్నకల్ నుంచి వచ్చి, రాయప్ప గారి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుని పోయాడు. చివరికి ఒకరోజు పొద్దున్నే ఖాసీంబి తనే ఖిలా నుంచి నడిచి వచ్చింది. చెంపలు నిండాయి. మళ్ళీ మగ్గం మీద కూర్చుంటున్నానంది. డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఎర్రగా ఉంది, ఇక మందు చాలు అన్నారు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. నా పాత గర్వం మళ్ళీ కొంచెం తలెత్తింది. చూశావా అక్కా, పొట్లం మందు ఎంత గట్టిదో అన్నాను.

ఆమె నవ్వింది. "కంపౌండరన్నా, గది పుట్నాల పిండి. మొదటి పొట్లం చూసినప్పుడే ఎరుకైంది. వాము నీళ్ళు చల్లితే వంటచేసేటోళ్ళకు ఎరుకగాదా?"

నా ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. వెనక రాయప్ప గారి కల్వం చప్పుడు ఆగిపోయింది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"చెప్తే బువ్వయితది. బువ్వయితే పిల్లల ముందట నా గొంతు దిగది. మీరు మందని రాసిన్రు. మందని రాసిన్రు గనుకనే తినగలిగిన."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఆమె వెనక వరసలో పరకాల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఖాసీంబి వెనక్కి తిరిగి, ఆమె సన్నటి చేతుల వైపు కాసేపు చూసింది. తర్వాత కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి నాతో అంది.

"అన్నా, గీ అవ్వకు గూడ గదే మందు రాయించుండ్రి. పిండని మాత్రం చెప్పకుండ్రి."